నారుమడి నుంచి నాటుమడికి

ఒక మనిషిలో ఇంకా బయటపడని శక్తి ఉందని చెప్పినప్పుడు ఆ ‘ఉంది’ అన్న మాటకు అర్థం ఏమిటన్నది భారతీయ తత్త్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. ఈనాడు ఆ ప్రశ్న పాఠశాలల చర్చల్లో కన్నా క్రీడాజట్ల ఎంపిక గదుల్లోనే ఎక్కువ సూటిగా ఎదురవుతోంది. అమెరికాలోని జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం, అంటే ఎన్‌బీఏ, ఏటా వేసవిలో ‘డ్రాఫ్టు’ నిర్వహిస్తుంది. 30 జట్లు రెండు విడతల్లో, వంతులవారీగా, కొత్త ఆటగాళ్లను తమవారిగా ప్రకటించుకునే పద్ధతికి ఆ పేరు. బలహీనమైన జట్లకు ముందు వంతు దక్కే అవకాశం ఎక్కువగా ఉండేలా చీట్లు వేస్తారు. ఇతర దేశాల యువకుడు కోరుకుంటే 19 ఏళ్లు నిండే సంవత్సరంలోనే తన పేరు ఇవ్వవచ్చు, ఇవ్వకపోయినా 22 నిండే సంవత్సరంలో అతని పేరు దానంతట అదే జాబితాలో చేరుతుంది. అంటే జట్టు ఎంచుకునేది పూర్తిగా తయారైన ఆటగాణ్ని కాదు, భాష రాని, ఒళ్లు ఇంకా గట్టిపడని, వేరే నేలలో పెరిగిన ఒక సంభావ్యతను. ఆ సంభావ్యత ఒక వస్తువా, లేక చూసేవాడి ఆశా అన్నదే ఇక్కడి విచారణ.

ఈ ప్రశ్నకు సాంఖ్యులు చెప్పిన సమాధానానికి సత్కార్యవాదమని పేరు. కార్యం, అంటే పుట్టబోయే ఫలితం, పుట్టకముందే కారణంలో అవ్యక్తంగా ఉంటుందని, నువ్వుల్లో నూనె ఉన్నందువల్లనే గానుగ దాన్ని తీయగలుగుతోందని, ఇసుకలో లేనందువల్ల ఎంత తిప్పినా రాదని వారి వాదం. ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలో ఇందుకు ఐదు హేతువులు చూపాడు. వాటిలో ముఖ్యమైనది, ప్రతి వస్తువు నుంచి ప్రతి ఫలితమూ పుట్టడం లేదు గనుక ఫలితానికీ దాని కారణానికీ ముందే ఒక సంబంధం ఉండి తీరాలన్నది. దేశదేశాలు తిరిగి కుర్రాళ్లను పరిశీలించే ఎంపికదారుల నమ్మకం సరిగ్గా ఇదే. చేతుల పొడవు, పాదాల కదలిక, బంతి తన దగ్గరికి రాకముందే అది ఎక్కడికి పోవాలో పసిగట్టే చూపు, ఇవన్నీ వారి దృష్టిలో నువ్వుగింజ మీద నూనె జాడలు.

నైయాయికులు, వైశేషికులు దీన్ని ఒప్పుకోలేదు. కుండ మట్టిలో ముందే ఉంటే కుమ్మరి దేనికని వారి ప్రశ్న. కార్యం పుట్టకముందు లేదు, ఆ లేకపోవడానికి ప్రాగభావమని పేరు, కారణసామగ్రి సమకూడినప్పుడు అది కొత్తగా ఆరంభమవుతుంది. ఈ వాదాన్ని అసత్కార్యవాదమని, ఆరంభవాదమని అంటారు. తర్కశాస్త్రంలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ నేటికీ చేతపట్టే ‘తర్కసంగ్రహం’ రచించిన అన్నంభట్టును తెలుగువాడిగానే పండితులు చెబుతారు. అందులో ఆయన కార్యాన్ని నిర్వచించింది ఈ ప్రాగభావాన్ని ఆధారం చేసుకునే. ఈ మతంలో మట్టి సమవాయి కారణం, అంటే ఫలితం దేనిలో నిలిచి ఉంటుందో ఆ ద్రవ్యం, కుమ్మరి నిమిత్త కారణం, అంటే ఫలితాన్ని పుట్టించే కర్త. శిక్షకుడి గౌరవమంతా ఈ రెండో మాటలో ఉంది.

తెలుగువారి మాటతీరులో రెండు సిద్ధాంతాలూ పక్కపక్కనే కాపురం ఉంటున్నాయి. ఒక కుర్రాణ్ని చూసి ‘వాడిలో సరుకుంది’ అన్నవాడు తనకు తెలియకుండానే సాంఖ్యుడు, అదే కుర్రాడు పైకి వచ్చాక ‘ఫలానా మాస్టారు వాణ్ని మనిషిని చేశాడు’ అన్నవాడు నైయాయికుడు. చాలాసార్లు ఈ రెండు మాటలూ ఒకే నోట వస్తాయి. దీన్ని అజ్ఞానమని తోసిపుచ్చకూడదు, రెండిటిలో ఏ ఒక్కటీ అనుభవానికి పూర్తిగా సరిపోదన్న ఎరుక ఆ వాడుకలో ఉంది.

అనుభవం ఏం చెబుతుందో చూడాలి. సెర్బియాకు చెందిన నికోలా యోకిచ్‌ను 2014 డ్రాఫ్టులో డెన్వర్ జట్టు 41వ వంతులో తీసుకుంది, అంటే అంతకుముందు 40 సార్లు అతని పేరును దాటవేసి వేరే పేర్లు పిలిచారు. మరో ఏడాది స్వదేశంలోనే ఆడి 2015లో వచ్చిన అతను 2021, 2022, 2024 సంవత్సరాల్లో లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు, 2023లో డెన్వర్‌కు మొట్టమొదటి టైటిల్ తెచ్చిపెట్టాడు. ఏథెన్సులో నైజీరియా వలస దంపతులకు పుట్టి, అన్నదమ్ములతో కలిసి వీధుల్లో చిన్నచిన్న వస్తువులు అమ్మిన యానిస్ ఆంటెటొకుంపో గ్రీసు రెండో శ్రేణి పోటీల్లో ఆడుతుండగా 2013లో మిల్వాకీ అతన్ని 15వ వంతులో ఎంచుకుంది. మొదటి ఏడాది అతని సగటు ఆటకు 7 పాయింట్లయినా లేదు, 2021 ఫైనల్ చివరి ఆటలో అతను ఒక్కడే 50 పాయింట్లు చేశాడు. సత్కార్యవాది వీరిని చూపి, సరుకు మొదటి నుంచీ ఉంది, చూసేవారికే కనబడలేదంటాడు. ఆరంభవాది అదే ఉదాహరణను తిప్పి, అంత ప్రత్యక్షంగా ఉంటే అంతమంది నిపుణుల కళ్లకు ఎలా తప్పిందని నిలదీస్తాడు. ఒకే సాక్ష్యాన్ని ఇద్దరూ తమవైపు వాడుకోగలుగుతున్నారంటే ప్రశ్న వేసిన తీరులోనే లోపముందని అనుమానించవలసి వస్తుంది. కార్యం తననుంచి గాని, పరంనుంచి గాని, రెంటినుంచి గాని, కారణం లేకుండా గాని పుట్టదని నాలుగు దారులూ మూసి చూపిన ఆచార్య నాగార్జునుడి అనుమానం కూడా ఇటువంటిదే. కృష్ణాతీరంలోని నాగార్జునకొండ ఆయన పేరునే మోస్తోంది.

ఆ నాలుగు దారులు మూసుకున్న చోట మిగిలేది ప్రతీత్యసముత్పాదం. ఒకదాన్ని ఆశ్రయించి మరొకటి, అనేక ప్రత్యయాల, అంటే తోడ్పడే పరిస్థితుల, కలయికలో పుట్టడమని దాని అర్థం. దీన్ని వివరించే ప్రాచీన బౌద్ధ గ్రంథాల్లో ఒకదానికి శాలిస్తంబ సూత్రమని పేరు. శాలి అంటే వరి. బుద్ధుడు వరిదుబ్బును చూసి చెప్పిన మాటకు అర్థం ఏమిటని శారిపుత్రుడు అడగగా మైత్రేయుడు విడమరచి చెప్పడం ఆ గ్రంథంలోని సందర్భం. విత్తు నుంచి మొలక రావడానికి భూమి, నీరు, వేడి, గాలి, ఆకాశం, ఋతువు అనే ఆరూ సమకూడాలి. భూమి ఆధారమిస్తుంది, నీరు తడుపుతుంది, వేడి పక్వం చేస్తుంది, గాలి విప్పుతుంది, ఆకాశం అడ్డులేకుండా చోటిస్తుంది, ఋతువు మార్పు తెస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ మొలకను తానే పుట్టించానని అనుకోదు, మొలక కూడా తనంతట తానే పుట్టానని అనుకోదు.

వరిని చూపి చెప్పిన తత్త్వం కామారెడ్డి జిల్లా బీర్కూర్ ప్రాంతంలో గ్రంథం అక్కరలేకుండానే అర్థమవుతుంది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయకట్టులోనిది ఈ నేల, వరే ఇక్కడి బతుకు. ఇక్కడి రైతు విత్తనాన్ని నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టి, మొలక ముక్కు విప్పాక నారుమడిలో చల్లుతాడు. మొక్క నాలుగైదు ఆకులు వేసేదాకా, సుమారు 25 నుంచి 30 రోజులు, ఆ చిన్నమడిలోనే ఒత్తుగా పెంచుతాడు. ఆ తరువాత నారు పీకి, వేళ్ల బురద నీళ్లలో జాడించి, కట్టలు కట్టి, కరిగెట చేసిన పెద్దపొలంలో కుదురుకు రెండు మూడు మొక్కల చొప్పున నాటిస్తాడు. నాటిన మొదటి రోజుల్లో ఆ పొలం చూడటానికి దిగులుగా ఉంటుంది. మొక్క వాలుతుంది, ఆకు పసుపు బారుతుంది, తెలియనివాడైతే పైరు పోయిందనే అనుకుంటాడు. తెలిసిన రైతు మడిలో పలుచగా నీరు నిలిపి ఊరుకుంటాడు, వారం పది రోజులకు కొత్త వేళ్లు నేలను పట్టుకుని ఆకు మళ్లీ పచ్చబడుతుంది. మూన తిరగడమని దీనికి పేరు. మూన తిరిగిన తరువాతే పిలకలు. పరాయి దేశపు ఆటగాణ్ని పెంచే పద్ధతిని తెలుగు పాఠకుడికి ఇంతకన్నా దగ్గరగా చూపే పోలిక లేదు, ఎందుకంటే ఇందులో విత్తనం ఒకరిది, నారుమడి ఒకరిది, నాటుమడి మరొకరిది కావచ్చు.

జర్మనీవాడైన డిర్క్ నోవిట్స్కీ చరిత్ర ఈ మూన తిరగడానికి మంచి ఉదాహరణ. వూర్ట్స్‌బుర్గ్‌లో రెండో శ్రేణి జట్టుకు ఆడుతున్న అతన్ని 1998లో మిల్వాకీ 9వ వంతులో ఎంచుకుని ఆ రోజే డల్లాస్‌కు మార్చింది. మొదటి ఏడాది అతని సగటు 8 పాయింట్లకు కాస్త ఎక్కువ, జట్టుపై విమర్శలు తక్కువేమీ రాలేదు. కానీ డల్లాస్ నీళ్లు ఆపలేదు. కౌమారంలోనే అతన్ని చేరదీసిన హోల్గర్ గెష్విండ్నర్ ఏళ్ల తరబడి అతని ఆటను సానబడుతూనే ఉన్నాడు, అంటే నాటిన తరువాత కూడా పాత మడి మట్టి వేళ్లకు అంటి ఉండనిచ్చారు. ఆ ఆటగాడు 21 సీజన్లు ఒకే జట్టుకు ఆడి 2011లో దానికి టైటిల్ గెలిచిపెట్టాడు.

శాలిస్తంబం చెప్పిన ఆరింటిలో ఋతువును గుర్తించిన జట్లు కొన్ని ఉన్నాయి. శాన్ ఆంటోనియో జట్టు అర్జెంటీనాకు చెందిన మనూ జినోబిలిని 1999లో 57వ వంతులో, అంటే దాదాపు జాబితా అడుగున, ఎంచుకుని వెంటనే పిలిపించుకోలేదు. ఇటలీలో ఆడి ముదిరేదాకా ఆగి 2002లో తెచ్చుకుంది, నాలుగు టైటిళ్లలో అతను భాగమయ్యాడు. హక్కు తీసుకుని ఆటగాణ్ని ఉన్నచోటనే ఉండనిచ్చే ఈ పద్ధతి ఓర్పు మీద నిలిచినది. ఓర్పుకూ ఆలస్యానికీ మధ్య గీత మాత్రం సన్నన. లిథువేనియా మహాకాయుడు ఆర్విదాస్ సబోనిస్‌ను పోర్ట్‌లాండ్ 1986లోనే ఎంచుకుంది, కానీ సోవియట్ కాలపు అడ్డంకులు, గాయాలు దాటి అతను వచ్చేసరికి 1995 అయింది. అప్పటికి మడమలు, మోకాళ్లు దెబ్బతిన్నాయి. వచ్చిన ఏడాదే మేటి కొత్త ఆటగాళ్లలో ఒకడిగా నిలిచాడన్నది అతని విద్యకు కొలత. ముదురు నారు బతకవచ్చు, గింజ కూడా పట్టవచ్చు, కానీ పిలకలు వేసే వయసు దాటిపోయి ఉంటుంది.

ఆకాశం, అంటే అడ్డులేని చోటు, దొరకక చెడినవాడు సెర్బియాకే చెందిన డార్కో మిలిచిచ్. 2003లో డెట్రాయిట్ ఇతన్ని రెండో వంతులోనే ఎంచుకుంది, తరువాత పేరు మోసిన కార్మెలో ఆంటొనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్ అతని వెనక వంతుల్లో వెళ్లారు. సామాన్యంగా మంచి వంతు బలహీనమైన జట్టుకు దక్కుతుంది, డెట్రాయిట్‌కు మాత్రం అది పాత మార్పిడి వల్ల దక్కింది. ఆ జట్టు అప్పటికే బలమైనది, మరుసటి ఏడాదే టైటిల్ గెలిచింది. గెలుస్తున్న జట్టులో 18 ఏళ్ల కుర్రాడికి తప్పులు చేసే అవకాశం ఇవ్వడానికి ఎవరికీ తీరిక ఉండదు. ఒత్తుగా కాసిన పొలం నడుమ గుచ్చిన లేతనారులా అతను బల్ల మీద కూర్చుని రెండు మూడేళ్లు గడిపాడు. ఆట మానేశాక స్వదేశానికి వెళ్లి పండ్లతోటలు వేసుకున్నాడు. అతనిలో సరుకు లేదని తీర్పు చెప్పేవారు ఇంకా ఉన్నారు. ఆరు ప్రత్యయాల్లో ఒకటి లోపించిన చోట విత్తు మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు.

భారతదేశం నుంచి ఎంపికైన మొదటివాడు సత్నాంసింగ్ భమరా. పంజాబు పల్లెలో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన ఇతన్ని 2010లో, 14 ఏళ్ల వయసులో, అమెరికాలోని ఫ్లోరిడాకు శిక్షణకు తీసుకువెళ్లారు, 2015లో డల్లాస్ 52వ వంతులో ఎంచుకుంది. అభివృద్ధి లీగులో, అంటే పెద్ద జట్లు తమ కుర్రాళ్లను పెంచుకునే చిన్న లీగులో, రెండు సీజన్లు ఆడాడు. పెద్ద లీగులో ఒక్క ఆట కూడా ఆడే భాగ్యం కలగలేదు. నారుమడిలో ఉండవలసిన ఏళ్లలో అతనికి ఊరి చుట్టూ ఆ ఆట ఆడే తోటివారు, వారం వారం పోటీలు, తప్పు దిద్దే అలవాటు ఉన్న వాతావరణం లేవు. ఏడడుగుల ఒళ్లు విత్తు మాత్రమే. దేశంలో ఈ లోటును గుర్తించే ఎన్‌బీఏ 2017లో గ్రేటర్ నోయిడాలో ఒక శిక్షణాలయం తెరిచింది.

తెలుగునేలకు అతి దగ్గరి ఉదాహరణ మరో ఆటలో ఉంది. హైదరాబాదు పేరు పెట్టుకున్న సన్‌రైజర్స్ క్రికెట్ జట్టు 2017 వేలంలో అఫ్గానిస్తాన్‌కు చెందిన 18 ఏళ్ల రషీద్ ఖాన్‌ను 4 కోట్ల రూపాయలకు తీసుకుంది. అతనూ, అదే వేలంలో అదే జట్టు తీసుకున్న మహమ్మద్ నబీ, ఐపీఎల్‌లో ఆడిన మొదటి అఫ్గానులు. తుది జట్టులో విదేశీయులు నలుగురికి మించకూడదన్న నియమం ఉన్నచోట, అనుభవం తక్కువైన కుర్రాడికి ఆ నాలుగు చోట్లలో ఒకటి కేటాయించడమంటే ఆకాశం ఇవ్వడమే. ఆ శిబిరంలో బౌలర్లకు బోధకుడు ముత్తయ్య మురళీధరన్. కాందిశీక జీవితం చూసిన కుటుంబపు పిల్లవాడు హైదరాబాదు జట్టులో అయిదు సీజన్లు వేళ్లూనుకుని ప్రపంచంలోని ప్రతి పొట్టి క్రికెట్ లీగుకూ కావలసినవాడయ్యాడు, 2022లో గుజరాత్ జట్టుకు వెళ్లాడు. వెళ్లినప్పుడు ఇక్కడి అభిమానులు బాధపడ్డారు. అయితే నాటి పెంచినవాడికి పైరు మీద ఎంత హక్కుంది?

ఈ హక్కును సంప్రదాయం హక్కుగా కాక ఋణంగా ఆలోచించింది. మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు బాకీ పడి ఉంటాడన్నది ఋణత్రయ భావన, వాటిలో ఋషిఋణం విద్యనిచ్చినవారిది. దీన్ని ఆశ్చర్యకరంగా నిబంధనగా మార్చిన ఆట ఫుట్‌బాల్. ఒక ఆటగాడు ఒప్పందం ముగియకముందే ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బుకు సొమ్ము మీద మారినప్పుడు, ఆ సొమ్ములో 5 శాతాన్ని అతను 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ పొందిన క్లబ్బులన్నిటికీ పంచాలని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య నియమం పెట్టింది. ఎక్కడో పల్లె మైదానంలో నారు పోసినవాడి పేరు కోట్ల బేరంలో ఒక పద్దుగా రావడం చిన్న విషయం కాదు. బాస్కెట్‌బాల్ డ్రాఫ్టులో పాత క్లబ్బుతో ఒప్పందం ఇంకా మిగిలి ఉంటేనే పరిహారం, అంతకుముందు పెంచినవారికి దానివల్ల దక్కేది లేదు. ఈ విషయంలో బాస్కెట్‌బాల్ ఫుట్‌బాల్ నుంచి నేర్చుకోవలసి ఉంది.

ఋణం రెండువైపులా ఉంటుందని మరచిన గురువు కథ మహాభారతంలోనే ఉంది. ద్రోణుడు ఏకలవ్యుణ్ని ఎంచుకోలేదు, నేర్పలేదు. మట్టి బొమ్మ ఎదుట అతను తనంతట తాను నేర్చుకున్నాక వచ్చి బొటనవేలు అడిగాడు. నీళ్లు పెట్టని మడికి కొడవలితో వచ్చినట్లయింది. నారు పోసినవాడు నీరు పోయడా అన్న సామెతను లోకం దైవం మీద భరోసాతో చెప్పుకుంటుంది. మనుషుల్ని ఎంచుకునే పని మీద ఉన్నవారికి మాత్రం అది భరోసా కాదు, విధి. ఎంచుకున్నవాడు పెంచవలసినవాడు, డబ్బు చెల్లించినంతలో ఆ బాకీ తీరదు. కామారెడ్డి, నిజామాబాదు పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు పోయిన వేలమంది యువకులు కూడా ఒక రకంగా విదేశాలకు ఎంపికైనవారే. అక్కడ వారి కండను ఎంచుకున్నారు గాని, వారిలో ఇంకేముందో వెతకలేదు, నేర్పలేదు, తిరిగివచ్చినప్పుడు చేతిలో వీసా రద్దు కాగితం తప్ప కొత్త విద్య లేనివారు ఎందరో. ఎంపిక మాత్రమే ఉండి పోషణ లేనప్పుడు అది వాడకమవుతుంది. ఆ మాట ఆటలకూ వర్తిస్తుంది.

తెలంగాణలో ఈ ఎంపిక చాలా చిన్న వయసులోనే మొదలవుతుంది. హకీంపేటలోని క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి ప్రవేశానికి మండల స్థాయిలో, తరువాత జిల్లా స్థాయిలో, చివరికి రాష్ట్ర స్థాయిలో పరీక్షలు పెడతారు. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలుచున్న చోటి నుంచి దూకడం, బరువు బంతి విసరడం, 800 మీటర్ల పరుగు వంటివి అందులో ఉంటాయి. వాటిలో నిలువు ఎగురుడు పరీక్ష చూడదగినది. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్ల వేళ్లకు సుద్దపొడి రాసుకుని, గోడ పక్కన నిలబడి, మడమ ఎత్తకుండా చెయ్యి చాచి ఒక గుర్తు పెడుతుంది, తరువాత మోకాళ్లు వంచి ఉన్నంత బలంతో ఎగిరి ఇంకో గుర్తు పెడుతుంది. టేపు పట్టి కొలిచేది ఆ రెండు గుర్తుల మధ్య దూరాన్ని. ఆ జానెడు మూరెడు ఖాళీ గోడలో ఆ రోజు పొద్దున పిల్ల ఏం తిని వచ్చిందన్నది ఉంది, ఇంటి దగ్గర ఎగరడానికి చోటుందా అన్నది ఉంది, ఎవరైనా ఎగరడం నేర్పారా అన్నది ఉంది. కొలత అబద్ధం కాదు, కానీ అది విత్తును ఒక్కదాన్నే కొలవడం లేదు.

నాట్లు పూర్తయ్యాక బీర్కూర్ వైపు రైతు మిగిలిన నారును పారేయడు. పొలం మూలన నీళ్లలో కట్టలుగానే ఉంచి, పది రోజుల లోపల ఎక్కడ కుదుళ్లు చచ్చిపోయాయో చూసి అక్కడ మళ్లీ నాటుతాడు. మండల స్థాయిలో పిల్లల్ని ఎంపిక చేసే వ్యాయామ ఉపాధ్యాయులకు, అధికారులకు విన్నపం ఒక్కటే. ఎంపికైనవారి జాబితాతో పాటు ఆ రోజు ఎంపిక కానివారి పేర్లు, కొలతలు కూడా ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచి, ఏడాది తిరిగాక వారిని అదే గోడ దగ్గరకు మరొకసారి పిలవాలి.